లాల్‌బీ సాకిన దానిమ్మ పురుగు

లాల్‌బీ మొదటి గెలుపు గోరంత నీలి సీతాకోకచిలుక. పెనుకొండలో తన పెరట్లోని పల్లేరు ముళ్ల మధ్య రెండు వానాకాలాలు బోర్లా పడుకుంటే గానీ దాని రెక్కల అడుగు చుక్కలు ఫోనులో స్పష్టంగా పడలేదు. చుక్కల వరుసను బట్టి అది డార్క్ గ్రాస్ బ్లూ అనే రకమని తానే తేల్చింది. తర్వాత రేగుచెట్టు మీది నల్లచుక్కల తెల్లదాన్నీ ఫోటో తీసింది. హిందూపురంలో ఒక బడివాళ్లు ఆ ఫోటోలకు పటాలు కట్టించి గోడకు తగిలించారు. ఏడో తరగతితో చదువు ఆపినవాళ్లలో ఆ పేటలో ఇంకెవరికి దక్కింది ఆ గౌరవం?

ఈ ఏడు పెరటి దానిమ్మకాయలకు బెజ్జాలు పడ్డాయి. లోపల పురుగు. కాయ రాలిపోకుండా తొడిమను కొమ్మకు సన్నని దారాలతో కట్టేసుకుని ఉంది. లాల్‌బీ పట్టు దారం తీసే ఇంట్లో పుట్టిన మనిషి. దారం వదిలే పురుగు చెడ్డదెట్లా అవుతుందని ఆ కాయలు కోసి, పట్టుపురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలో పెట్టి సాకింది. బయటికొచ్చిన మొదటి సీతాకోకచిలుక రెక్కల్లో ఊదా నీలం మెరిసింది. అట్లాంటిది ఆమె ఎన్నడూ చూడలేదు. పేరు చెప్పమని ధర్మవరం కాలేజీ లెక్చరర్ పూర్ణిమకు ఫోటో పంపింది. మిగిలినవి బయటికొచ్చేది ఆ పిల్ల కూడా చూడాలని, ఆ కాయలను పెట్టెలో సర్ది, ముదిగుబ్బలో తమ్ముడు అన్వర్ కూతురు సుమయ్యకు బస్సులో పంపింది. అన్వర్ కుటుంబానికి దానిమ్మ తోటే బతుకు. అప్పుడప్పుడే పిందెలు పడుతున్నాయి.

నాలుగో రోజు పూర్ణిమ జవాబు వచ్చింది. "ఇది దానిమ్మ సీతాకోకచిలుక, లాల్‌బీగారూ. పూత మీద, పిందెల మీద గుడ్లు పెడుతుంది. కాయ తొలిచేది దీని పురుగే."

లాల్‌బీ వెంటనే ముదిగుబ్బకు ఫోను చేసింది.

"సుమయ్యా, ఆ పెట్టె యాడుండాదే?"

"తోటలో అత్తా. నిన్ననే అన్నీ ఎగిరిపాయె. 'మా అక్క చేతిలో ఏం కళుండాదో' అన్న్యాడు నాయన."

"నాయనకియ్యి ఫోను."

అన్వర్ విషయమంతా విన్నాడు. "ఏమక్కా, పురుగును పార్సిల్ చేసి పంపినావా? పెట్టెకు రిబ్బను గూడా కట్టినావు గదా."

"నేనే వస్తాండా. అవి గుడ్లు పెట్టకముందే పిందెలకు సంచులు కడతా."

"ఎన్ని చెట్లుండాయో తెలుసునా నీకు?"

"తెలుసు. అందుకే ఇంకో రెండు చీరలు పెట్టుకుంటాండా."

పాత పంచెలన్నీ చింపి సంచులు కుట్టి, మూట కట్టుకుని ముదిగుబ్బ బస్సెక్కింది. చివరి పిందెకు ముడి పడేదాకా రానని ఇంట్లో చెప్పిపోయింది. చెట్ల లెక్కన చూస్తే, పెనుకొండకు తిరిగొచ్చేది నవంబరు పద్దెనిమిదిన.