ఎనిమిదో స్తంభం

దర్జీ సుద్ద ఆ ఇంట్లో ఎంత కొన్నా నిలిచేది కాదు. టైలరమ్మ మిషను సొరుగులో దాచుకున్న ముక్క మర్నాటికల్లా భర్త చొక్కా జేబులో తేలేది. అడిగితే మేస్త్రీ, "నీ జాకెట్లు ఒక్కరోజు ఆగుతాయి, నా స్తంభాలు ఆగవు" అనేవాడు.

"స్తంభాలంటే ఉన్నచోటే ఉండేవి కదండీ. ఆగకపోవడమేంటి?"

"అదే నీకు తెలియంది" అని చెప్పుల్లో కాళ్లు దూర్చేవాడు.

పాత కట్టడాల ఆఫీసులో అతను రాతిపని మేస్త్రీ. కప్పూ గోడలూ ఏనాడో పోయిన ఓ కట్టడంలో ఏడు స్తంభాలు మిగిలాయి. ఒక్కొక్కటీ పది గుండ్రటి రాతి దిమ్మెలు పేర్చి నిలబెట్టింది. మధ్యలో సున్నం లేదు, జిగురు లేదు. రాయిమీద రాయి, అంతే. ఎనిమిదోది మాత్రం గడ్డిలో పడుంది. వాన వెలిసిన ప్రతిసారీ మేస్త్రీ నిచ్చెన ఎక్కి, ఒక్కో స్తంభానికీ పైనుంచి కిందిదాకా సుద్దతో నిలువుగీత గీసేవాడు. భూమి అదిరినప్పుడల్లా ఆ గీత దిమ్మె దిమ్మె దగ్గరా తప్పుకునేది. ఏది ఎంత తిరిగిందో పెళ్లాం టేపుతోనే కొలుచుకొచ్చి, పిల్లల మార్కులు చెప్పినట్టు చెప్పేవాడు. "మూడోదాని నడుము ఈసారి వేలెడు తిరిగింది. అయినా నిలబడింది, మొండిది."

ఒక ఏడాది వచ్చిన అదురుకి ఆఫీసువాళ్లు హడలిపోయారు. కొత్తగా చేరిన ఇంజనీరమ్మ కాగితం పట్టుకొని ఇంటికే వచ్చింది. వానలు మొదలయ్యేలోగా ఏడు స్తంభాల సందుల్లోనూ సిమెంటు కూరాలట. కూరాల్సింది మేస్త్రీయేనట.

"వద్దమ్మా" అన్నాడు మేస్త్రీ.

"ఎందుకొద్దు? దిమ్మెలు కదులుతున్నాయని మీ కొలతల పుస్తకంలో మీరే రాశారుగా."

"కదులుతున్నాయి కాబట్టే నిలబడ్డాయి. రాయిమీద రాయి కాస్త జరుగుతుంది, కాస్త తిరుగుతుంది. వచ్చిన ఊపంతా ఆ రాపిడిలోనే అరిగిపోతుంది. అతికేశామనుకో, మొత్తం ఒక్క దుంగలా ఊగి పడిపోద్ది."

"అయితే చూపించండి."

మిషను బల్లమీద ఖాళీ దారపు రీళ్లు ఆరేసి చొప్పున రెండు వరసలు పేర్చాడు. ఒక వరసని జిగురుతో అతికించాడు. అది ఆరేదాకా ముగ్గురూ టీ తాగారు. తర్వాత గొప్ప ధీమాగా బల్ల ఊపాడు. రెండూ ఒక్కసారే పడ్డాయి. ఒక రీలు మంచం కిందికి దొర్లిపోయింది.

ఇంజనీరమ్మ నవ్వు ఆపుకుంది. "అంతలా ఊపితే మనమూ పడతాం మేస్త్రీగారూ. అయినా రీళ్ల సంగతి వేరు, రాళ్ల సంగతి వేరు. పైవాళ్లకి ఏమని రాయను? మీ మాట కాక ఇంకేదైనా ఉందా?"

మేస్త్రీ రీలు వెతుకుతున్నట్టు మంచం కింద దూరాడు. ఎంతకీ బయటికి రాలేదు. ఎందుకు రావడం లేదో టైలరమ్మకి తెలుసు. పాతికేళ్లుగా ఒక సంగతి వాళ్లిద్దరి మధ్యే ఉంది. చెబితే పనిమంతుడన్న పేరు పోతుంది. చెప్పకపోతే ఏడు స్తంభాలు పోతాయి.

"ఎనిమిదోదాని సంగతి చెప్పండి" అంది మెల్లగా.

"నువ్వు ఊరుకోవే."

"ఊరుకునే ఉన్నాగా ఇన్నేళ్లూ. నా సుద్దంతా వాటికే ధారపోశాను. వాటిమీద నాకూ హక్కుంది."

మంచం కిందినుంచే చెప్పాడు మేస్త్రీ. "దాన్ని పడేసింది నేనేనమ్మా. పనిలో చేరిన కొత్త. అప్పటి ఆఫీసరు మెచ్చుకుంటాడని, ఎవరూ చెప్పకుండానే దాని సందులన్నీ సిమెంటుతో పూడ్చేశా. నెల తిరక్కుండా భూకంపం. మిగతా ఏడూ మెలికలు తిరిగి నిలబడ్డాయి, నాది పడింది. రాయి పాతబడి పడిందని రాసుకున్నారు. నేను నోరు మెదపలేదు."

ముగ్గురూ వెళ్లి చూశారు. గడ్డిలో నాలుగు దిమ్మెలు ఇంకా ఒకదాన్నొకటి కరుచుకునే ఉన్నాయి. సందులోని సిమెంటులో బొటనవేలి గుర్తు. మేస్త్రీ అందులో వేలు పెట్టి చూశాడు. ఇన్నేళ్ల రాతిపనికి వేలు మొద్దుబారి లావెక్కింది, పట్టలేదు.

ఇంజనీరమ్మ నిలబడ్డవాటి చుట్టూ తిరిగింది. రాతిమీద చెక్కిన నిలువు గాడులు ఏ దిమ్మెవీ పై దిమ్మెవాటితో కలవడం లేదు, అన్నీ కాస్తకాస్త తిరిగున్నాయి. "ఇదంతా రాసిస్తారా?" అంది. "మీ పేరుమీదే వెళ్తుంది. వాళ్లు ఏమైనా అనొచ్చు."

మేస్త్రీ భార్య వంక చూసి, "పెన్నుందా?" అన్నాడు.

పైనుంచి రెండు కాగితాలొచ్చాయి. ఒకటి మేస్త్రీని మందలిస్తూ, ఇంకొకటి సిమెంటు పని ఆపమంటూ. రెండింటినీ మిషను పైన గోడకి పక్కపక్కనే అంటించాడు. కొన్నాళ్లు తోటి పనివాళ్లు "ఏం ఎనిమిదో మేస్త్రీ" అని పిలిచారు. పిలిచినప్పుడల్లా పలికాడు.

మేస్త్రీ పోయి ఏడాది తిరగలేదు, ఓ మధ్యాహ్నం మళ్లీ భూమి అదిరింది. టైలరమ్మ కుడుతున్న జాకెట్టు చెయ్యి మిషను దగ్గరే వదిలేసి సొరుగు లాగింది. సుద్ద పెట్టినచోటే ఉంది. ఈమధ్య అది ఎక్కడికీ పోవడం లేదు.

ఆవిడ వెళ్లేసరికి ఇంజనీరమ్మ నిచ్చెన మీదుంది. టైలరమ్మ దూరంనుంచే లెక్కపెట్టుకుంది. ఏడు.

"మూడోది మళ్లీ వేలెడు తిరిగింది పిన్నీ."

"మొండిది" అంటూ టైలరమ్మ సుద్దముక్క పైకి అందించింది.