గురుమూర్తి సారు పగలగొట్టమన్న గొట్టం

చలవ కళ్ళద్దాలు పెట్టుకుని గురుమూర్తి సారుకి ఎదురుపడటం ఎంత ప్రమాదమో అనంతపురంలో అందరికీ తెలుసు. పలకరింపైనా లేకుండా అవి ఊడబెరికి, ఆకాశంకేసి పెట్టి, బస్సు స్టీరింగులా తిప్పేవారు.

1978లో నేను ఆయన దగ్గర ఫిజిక్సు డెమాన్‌స్ట్రేటరుని. ఒక పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికొడుకు కారు దిగీ దిగకముందే అతని అద్దాలు సారు చేతిలో ఉన్నాయి.

"ఏమప్పా, ఎంత తిప్పినా నల్లబడలేదే! ఎవరో నిన్ను మోసం చేసినారు."

"మా మామ కొనిచ్చినాడు సార్."

అద్దాలు నల్లబడలేదు గానీ, పక్కనే ఉన్న మామగారి ముఖం నల్లబడింది.

ఎస్సై మద్దిలేటి అద్దాలు మాత్రం నల్లబడ్డాయి. ఇక సారు వారం వారం స్టేషనుకి పోయి, "పగిలినాయా అన్నా?" అని అడిగేవారు. నెల తిరిగేసరికి ఎస్సై విసిగిపోయి, తనే బూటుతో తొక్కి ఇచ్చేశాడు.

నీలాకాశం వెలుగులో కొంత ఒకే దిశలో కంపిస్తుంది. అసలైన పోలరాయిడ్ అద్దం తిప్పితే అందులోంచి ఆకాశం నల్లబడి కనిపిస్తుంది. ఎంత తిప్పితే ఎంత నల్లబడుతుందో చూసే గొట్టాలు సారు చేసేవారు. ధర్మవరం మగ్గాల దగ్గర పారేసిన అట్ట గొట్టం, అందులో ఇలా సంపాదించిన ఒక అద్దం ముక్క, అంతే. మబ్బు తునక లేని మా ఆకాశం చూసి, "ఇంత మంచి ల్యాబు ఇంక యాడుండాది!" అని మురిసిపోయేవారు. రైతులెవరూ వినకుండా నేను పక్కకి లాక్కెళ్ళేవాణ్ణి.

"కాలేజీలో జర్మనీ పరికరం ఉండగా ఇవన్నీ ఎందుకు సార్?" అంటే నవ్వేవారు.

ఒకరోజు నన్ను గార్లదిన్నెలో ఒక ఇంటికి తీసుకెళ్ళారు. మా బీఎస్సీ విద్యార్థిని కదిరమ్మ చేతిలోంచి ఆ జర్మనీ పరికరం జారి పగిలి పదిహేను రోజులైంది. ఆ భయంతో కాలేజీ మానేసింది. వాళ్ళ నాయన ఆదెన్న గడపలోనే చేతులు జోడించాడు.

"సార్, మా పాపను పోలీసులకు పట్టిస్తారా?"

"ఎందుకప్పా? నా చేతిలోనే పగిలిందని రాసిచ్చినా. అమ్మా, ఈ గొట్టం పట్టుకో. ఆ పక్క ఆకాశం చూసి తిప్పు."

కదిరమ్మ భయంగా కొనవేళ్ళతో పట్టుకుంది. గొట్టం బండల మీద పడి దొర్లింది.

సారు దాన్ని తీసి దుమ్ము ఊదారు. "ఏమీ కాలేదు సూడు. భయం లేకుండా ముట్టుకునే సామాను ఉంటే గదా మీకు సదువొచ్చేది! ఇంకోసారి పడెయ్యి."

కదిరమ్మ బిత్తరపోయి వదిలింది. మూడోసారి నవ్వుతూ వదిలింది. నాలుగోసారి చెయ్యెత్తేసరికి ఆదెన్న అడ్డుపడ్డాడు.

"ఇంక సాలు సార్! రేపు పొద్దున బస్సుకే పంపిస్తా!"