నీళ్ళలో చల్లబడ్డ కాలు

జీవానందం తాగి గుర్రాన్ని నడిపించాడని అభిజిత్ యజమానితో చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు జీవానందం అక్కడే, లాయం గోడకి చేరగిలబడి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఉన్నాడు. ఏక్‌బాల్‌పూర్ సందులో వలసొచ్చిన తెలుగువాళ్ళ చర్చిలో ఆదివారం కానుకల పళ్ళెం పట్టే మనిషి. సారా చుక్క ముట్టి ఎరగడు.

జరిగింది వేరు. జమున అనే ఆ తెల్ల ఆడ రేసుగుర్రానికి బస్సు హారనంటే బెదురు. రోడ్డు కాస్త ఖాళీ అయ్యాక దాటిద్దామన్నాడు జీవానందం. "నీ పిరికితనం గుర్రానికి అంటించకు, నడు," అన్నాడు ట్రైనర్ దగ్గర పనిచేసే అభిజిత్. నడిచాడు. హారన్ మోగింది. గుర్రం ముందుకాళ్ళెత్తి లేచింది, జారింది, మనిషి మీద పడింది. దాని ముందుకాలి నరం చిట్లింది, ఇతని మోకాలు నుజ్జయింది. తప్పు ఎవరో ఒకరి నెత్తిన పడాలి. యజమానికి ఆ గుర్రాన్ని కొనిపెట్టినవాడు అభిజిత్. జీవానందం సైసు. గడ్డి వేసి, పేడ ఎత్తి, గుర్రాన్ని తోమేవాడు. తాగుబోతన్న మాట ఎవరికి తొందరగా అతుక్కుంటుందో చెప్పక్కర్లేదు. అతన్ని పనిలోంచి తీసేశారు.

గుర్రానికి వైద్యం మొదలైంది. నరం మానేదాకా నేల మీద పరుగెత్తించకూడదు, ఒంట్లో సత్తువా పోకూడదు. అందుకని ఈత. గుండ్రటి కొలను, అందులోకి దిగే వాలు, చుట్టూ గట్టు. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని నడుస్తుంటే లోపల గుర్రం ఈదుతుంది. బరువంతా నీళ్ళే మోస్తాయి. కాలికి దెబ్బ తగలదు, ఊపిరితిత్తులకి మాత్రం చేతినిండా పని. కానీ జమున వాలు దగ్గరే కాళ్ళు బిగించేసింది. లాగినవాళ్ళని లాగిపారేసింది. ఆఖరికి వెళ్ళగొట్టిన కుంటి సైసునే పిలిపించారు. అతను ముందు తను దిగి, దాని మెడ మీద చెయ్యేసి ఏదో గొణిగాడు. జమున దిగింది.

నీళ్ళలో నిలబడితే అతని మోకాలికీ ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఒకనాడు గుర్రం పైకెక్కాక కూడా నడుంలోతులో అలాగే ఉండిపోయాడు.

"ఏం దాదా, నువ్వూ రేసుకి దిగుతున్నావా? పైకి రా, అది గుర్రాల కొలను," అని బెంగాలీ కాపలావాడు కేకేశాడు. గట్టు మీదివాళ్ళంతా నవ్వారు. అతనూ నవ్వి పైకొచ్చాడు. మళ్ళీ ఎప్పుడూ అలా ఆగలేదు.

"గుర్రానికి నీళ్ళ వైద్యం, నీకు కొబ్బరినూనె," అంది భార్య విజయ కుమారి, మోకాలికి నూనె మర్దన చేస్తూ. "ఏటంటాడు ఆ అభిజిత్ బాబు? నువ్వు తాగలేదని సెప్తాడా, సెప్పడా?"

"జమున మళ్ళీ పరుగెడితే పెద్దాయన కోపం దిగుద్దట. అప్పుడు సెప్తానన్నాడు."

"నువ్వు నమ్మినావు."

"నమ్మక ఏటి సెయ్యమంటావు?"

చర్చిలో పళ్ళెం ఇప్పుడు ఎరిక్ పడుతున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే జవాబైనా చెప్పేవాడు. తను తాగలేదన్న ఒక్క ముక్క అభిజిత్ నోటి నుంచి రావాలి. అంతకుమించి అతనికి ఏ ఆశా లేదు. అందుకే జమునని ఈదించాడు. వానలు వెళ్ళేసరికి దాని ఒళ్ళు నిగనిగలాడింది. ముక్కుపుటాలు విప్పి, ఒక్కో బారకీ బుస కొడుతూ నీళ్ళు చీల్చుకుపోతుంటే చూసినవాళ్ళు దానికి జబ్బంటే నమ్మేవాళ్ళు కాదు.

జీవానందం చేతికి మాత్రం తెలుసు. పొద్దున్నే లాయంలో నరం మీద అరచెయ్యి పెడితే ఇంకా వేడి తగులుతూనే ఉంది. వేడి ఉందంటే లోపల మానలేదని. డాక్టరు చూసి తేల్చే రోజు వచ్చింది. ఆ పొద్దున్న గుర్రాన్ని లాయంలోనే ఉంచమని చెప్పారు. అతను ఈతకి తీసుకెళ్ళాడు. నీళ్ళోడుతున్న గుర్రాన్ని కొలను నుంచి సరాసరి డాక్టరు ముందు నిలబెట్టాడు.

డాక్టరు వంగి కాలు తడిమాడు. రాయిలా చల్లగా ఉంది.

"పొద్దున పూట వేడేమైనా ఉంటోందా?"

"లేదు సార్."

అభిజిత్ అతని భుజం తట్టాడు.

మొదటిసారి ట్రాక్ మీద వదిలిన రోజే, మలుపు తిరగకముందే జమున ఆగిపోయింది. పడలేదు. మూడు కాళ్ళ మీద నిలబడి, నాలుగోది గాలిలో వేలాడేసింది. జీవానందం కుంటుకుంటూ వెళ్ళేసరికి దాని కళ్ళు అతన్నే చూస్తున్నాయి. "ఇప్పుడు ఆ పాత సంగతి ఎత్తితే ఇద్దరం పోతాం," అన్నాడు అభిజిత్. పోయింది ఒక్కడే. ఈతకి గుర్రం లేనప్పుడు ఈదించేవాడెందుకు?

తర్వాత అతను తాగడం మొదలుపెట్టాడు. పేరు ముందే వచ్చింది, అలవాటు తర్వాత వచ్చింది. చల్లటి కాలి సంగతి విజయ కుమారికి కూడా చెప్పలేదు.

జమునని అమ్మేస్తే, కొన్నవాళ్ళు మైదాన్ పక్కన షికార్లకి తిప్పే సింగారించిన గుర్రబ్బండికి కట్టారు. నెత్తిన ఎర్రకుచ్చు, మెడలో గంటలు, కింద అదే కాలు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి జీవానందం సాయంత్రాలు అక్కడే. బండివాడు వద్దనడు. ఊరికే నీళ్ళు పట్టే మనిషిని ఎవరొద్దంటారు?

చలికాలం ఒక సాయంత్రం అభిజిత్ కూతురి చెయ్యి పట్టుకుని అటు వచ్చాడు. బకెట్టు పట్టుకున్న మనిషిని గుర్తుపట్టి ఆగాడు.

"జీవన్, నువ్వా? పెద్దాయన గుర్రాలన్నీ అమ్మేశాడు. ఇక నాకు భయం లేదు. మీ చర్చికి వచ్చి చెప్పమన్నా చెప్తాను, ఆ రోజు నువ్వు తాగలేదని." అంటూనే సారా వాసన తగిలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బాబా, ఈ తెల్లగుర్రం బండి," అంటూ పిల్ల తండ్రి చెయ్యి లాగుతోంది.

జీవానందం వంగని మోకాలు పక్కకి చాపి, బండి చక్రం పట్టుకుని మెల్లగా వంగాడు. జమున ముందుకాలి మీద అరచెయ్యి పెట్టి, అలాగే కాసేపు ఉంచాడు.

"పాపని వేరే బండి ఎక్కించండి దాదా," అన్నాడు. "దీని కాలు వేడిగా ఉంది."