పెద్ద మేస్త్రి బొటనవేలు

వీధిలో అందరూ ఆయన్ని పెద్ద మేస్త్రి అనేవారు. చిన్న మేస్త్రి అంటూ ఎవరూ లేరు. ఒకప్పుడు తమ్ముణ్ణి అలా పిలిచేవారు కానీ, అతను పెద్ద వర్క్‌షాపులో చేరి, కార్లకు స్కానర్ తగిలించి రోగం చెప్పే పనిలో కుదురుకున్నాక ఆ పేరు రాలిపోయింది.

తండ్రి పోయేనాటికి తమ్ముడు ఇంకా నిక్కర్లు వేసుకునే వయసులోనే ఉన్నాడు. అన్న చదువుకు నీళ్ళొదిలి గ్యారేజీలో చేరి అతన్ని చదివించాడు. పెళ్ళయి వచ్చిన వదిన కూడా ఆ పిల్లవాడి ఆకలినీ అలకనూ తనవిగానే చూసుకుంది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "మాకు పుట్టకముందే పెరిగినవాడు ఒకడున్నాడుగా" అనేవాడు పెద్ద మేస్త్రి.

ఆయన పనిచేసిన గ్యారేజీ మూతపడ్డాక ఇంటిముందే రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆయిలు మార్చడం, ప్లగ్గులు వేయడం, ఫిల్టర్లు శుభ్రం చేయడం లాంటి పనులకు ఇరుగుపొరుగు వాళ్ళు కార్లు తెచ్చి అక్కడ పెట్టేవారు. పొడవాటి స్క్రూడ్రైవరు కొసను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, ఎక్కడ నెప్పో చెప్పు తల్లీ" అని బుజ్జగించేవాడు. తమ్ముడి ఉద్యోగం మీద ఆయనకు లోలోపల గర్వమే. పైకి మాత్రం, "రోగిని ముట్టుకోకుండా మందు రాసే డాక్టరు వచ్చాడు, కుర్చీ వెయ్యవే" అని భార్యను కేకేసేవాడు.

ఒకసారి ఆ వీధిలోని ట్యూషన్ టీచరు కారు తమ్ముడి వర్క్‌షాపుకి వచ్చింది. స్పీడు చూపించే ముల్లు పక్కన పసుపు దీపం వెలుగుతోందనీ, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను ఆగిపోతోందనీ ఆమె చెప్పింది. ముందురోజే పెద్ద మేస్త్రి గాలి ఫిల్టరు మార్చాడట. తమ్ముడు స్కానర్ తగిలించాడు. ఇంజనులోకి ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సర్ నుంచి కబురు అందడం లేదని అది కోడ్ చూపింది. బానెట్ ఎత్తి చూస్తే సెన్సర్ బాగానే ఉంది. దానికి తగిలించే వైర్ల కొసన ఉండే ప్లాస్టిక్ కప్లర్ మాత్రం కూర్చోవలసిన చోటే కూర్చుంది కానీ, లాకు పడలేదు. బండి కుదుపుకి వదులైపోతోంది. వేలితో గట్టిగా నొక్కితే టిక్కుమని పడింది. స్కానర్‌లో కోడ్ చెరిపేస్తే దీపం ఆరిపోయింది. ఫిల్టరు తీసేటప్పుడు దాన్ని ఊడదీసి, మళ్ళీ పెట్టేటప్పుడు అన్న లాకు వేయడం మరిచిపోయి ఉంటాడని సరిపెట్టుకున్నాడు.

తరువాత మరో కారు వచ్చింది. అందులో ప్లగ్గులు మార్చాక ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కప్లర్ ఒకటి వదులు. ఆ పైన ఇంకొకటి. దాంట్లో పొగను కొలిచే సెన్సర్ వైరు వేలాడుతోంది. ఒక్కోసారి ఒక్కో సెన్సర్ పేరు తెర మీద కనిపించేది. అన్నింటికీ మూలం ఒకటే, లాకు పడని కప్లర్. అవన్నీ అన్న షెడ్డులోంచి వచ్చిన కార్లే.

"మీ అన్నగారు చేయి తిరిగిన మేస్త్రి అన్నావు. అది ఎటు తిరిగిందో కాస్త కనుక్కో" అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు. తమ్ముడికి తల కొట్టేసినట్లయింది.

ఆ వారంలోనే టీచరు కారు కూడలి మధ్యలో ఉన్నపళంగా ఆగిపోయింది. వెనక సీట్లో ఆమె తల్లి ఉంది. వెనకనుంచి వస్తున్న లారీ కొద్దిలో తప్పుకుపోయింది. ముందురోజే పెద్ద మేస్త్రి ఆ కారు బెల్టు మార్చాడనీ, ఈసారీ కప్లర్ లాకు పడలేదనీ తెలిసేసరికి తమ్ముడు ఇక ఆగలేకపోయాడు. పని బట్టలతోనే అన్న ఇంటికి వెళ్ళి, వీధివాళ్ళు వింటున్నా చూసుకోకుండా మాట్లాడాడు. తెలియని పని ఎందుకు ముట్టుకోవాలన్నాడు. పాతకాలం కార్లతోనే నీ విద్య సరి అన్నాడు. ఎవరి ప్రాణమైనా పోతే ఎవరు తెచ్చిస్తారన్నాడు.

పెద్ద మేస్త్రి మామూలుగా మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆరోజు మాత్రం చేతిలోని గుడ్డను మెల్లగా మడతపెట్టి, "నిజమేరా. కొత్త బళ్ళు నాకు పట్టుబడటం లేదు. ఇక మానేస్తాలే" అన్నాడు. గుమ్మంలో నిలబడ్డ వదిన ఏదో చెప్పబోయింది. ఆయన చూసిన చూపుకి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

షెడ్డు ఖాళీ అయింది. తమ్ముడు కొంతకాలం అటువైపు వెళ్ళలేదు. చివరికి వదినే ఫోన్ చేసింది. తమ సొంత కారులోనే దీపం వెలుగుతోందనీ, ఆయన చెప్పవద్దన్నా తాను చెబుతున్నాననీ అంది.

సెలవురోజు ఉదయం తమ్ముడు వచ్చి స్కానర్ తగిలించాడు. మళ్ళీ అదే కథ, ఒక సెన్సర్ నుంచి కబురు లేదు. కప్లర్ వదులు. ఇది పదిహేనేళ్ళుగా అన్న విప్పి బిగించిన కారు. దీనిలో ఆయనకు తెలియని నట్టు లేదు. కొత్త బండి, తెలియని పని అనే మాటలు ఇక్కడ చెల్లవు. తమ్ముడికి మొదటిసారి భయం వేసింది.

"అన్నయ్యా, దీన్ని నువ్వు నొక్కు" అన్నాడు.

పెద్ద మేస్త్రి ముందుకు వంగి బొటనవేలు ఆనించాడు. కప్లర్ కదల్లేదు. అరచేత్తో తోశాడు. తరువాత ఎడమ చేయి కూడా కలిపాడు. నుదుట చెమట పట్టింది. బొటనవేలు వంగి అలాగే ఉండిపోయింది. వెలుతురులో ఆ చేతిని తమ్ముడు అప్పుడు చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండవలసిన కండ కరిగిపోయి, అక్కడ లోతుగా గుంట పడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. వదిన చెప్పింది. చొక్కా గుండీలు తానే పెడుతోందట. సీసా మూతలు తీయడం ఆయన ఎప్పుడో మానేశాడట. "నీకు తెలిస్తే బెంగపెట్టుకుంటావని ఒట్టు వేయించుకున్నారు" అని కొంగుతో ముఖం ఒత్తుకుంది.

ఆసుపత్రిలో కండలోకి సన్నని సూదులు గుచ్చి, తెర మీద గీతలు చూశారు. తమ్ముడు ఆ గీతలను చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటివి చదవడమే అతని బతుకుతెరువు. మెదడు నుంచి కండరాలకు కబురు మోసే నరాలు ఒక్కొక్కటీ చచ్చిపోతున్నాయనీ, చేతుల తరువాత కాళ్ళు, మాట, చివరికి ఊపిరి అనీ, నయం చేసే మందు లేదనీ డాక్టరమ్మ నిదానంగా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో పెద్ద మేస్త్రి కిటికీలోంచి చూస్తూ అడిగాడు. "నాకూ స్కానర్ పెట్టారు కదరా. కోడ్ వచ్చిందా?"

"వచ్చింది."

"చెరిపేస్తే పోతుందా?"

తమ్ముడు కారు పక్కకు ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. అన్న ఆ పట్టులేని చేతిని అతని వీపు మీద వేసి, ఏడుపు అయ్యేదాకా ఉంచాడు. ఆరోజు షెడ్డు ముందు తాను అన్న మాటలకు క్షమించమని తమ్ముడు అడగబోతే అడగనివ్వలేదు. "నువ్వన్నదాంట్లో తప్పేముంది? ఆ తల్లికీ కూతురికీ ఏమన్నా అయ్యుంటే నాకు నిద్ర పట్టేదా? అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది, అంతే."

ఆ తరువాత జరిగినది ఎవరూ అనుకోనిది. షెడ్డులో కుర్చీ వేసుకుని పెద్ద మేస్త్రి కూర్చునేవాడు, వదిన కొంగు బిగించి బానెట్ కిందికి వంగేది. అంతకుముందు ఆమె కారులో ఎక్కడమే తప్ప దాన్ని ముట్టుకున్నది లేదు. ఆయన చెప్పింది చెప్పినట్లు చేసేది. "ఎడమవైపు అంటే నీ ఎడమా, దాని ఎడమా?" అని కసిరేది. "పెళ్ళయిన ఇన్నేళ్ళకు నా మాట వింటున్నావు, ఇది చాలు" అని ఆయన నవ్వేవాడు. టీచరు కారుకి మళ్ళీ అక్కడే ఫిల్టరు మారింది. తమ్ముడు స్కానర్ పెట్టి చూశాడు, ఏ తప్పూ చూపలేదు. వదిన చేతులు ముంజేతుల దాకా నల్లబడ్డాయి. ఆయన వాటినే చూస్తూ కూర్చునేవాడు.

మాట మొద్దుబారింది. అందరికంటే చివరిదాకా ఆ మాట అర్థమైంది వదినకే. అదీ పోయాక కనురెప్పలతో చెప్పేవాడు. వానలు పట్టిన ఒక ఉదయం, తమ్ముడు తల పట్టుకుని ఉండగా, వదిన చెంచాతో నీళ్ళు పోయబోతే అవి పెదవి పక్కనుంచి జారిపోయాయి.

ఆయన పోయిన కొన్నాళ్ళకు టీచరు కారు తెచ్చి షెడ్డులో పెట్టింది. వదినకు పనిలో పడితే మనసు మళ్ళుతుందనుకుంది. వదిన వచ్చి బానెట్ ఎత్తింది. చాలాసేపు లోపలికి చూసింది. ఒక వైరు పట్టుకుని వదిలేసింది.

"ఆయన చెబుతుంటే నా చేతులు చేసుకుపోయేవమ్మా. ఇప్పుడు ఏది ఏమిటో తెలియడం లేదు" అని బానెట్ దించి, కారు మరిది దగ్గరికి తీసుకెళ్ళమంది.

టీచరు వర్క్‌షాపులో ఆ సంగతి చెప్పింది. తమ్ముడు విని పని ముగించాడు. ఆ సాయంత్రం తిన్నగా వదిన ఇంటికి వెళ్ళాడు. ఆమె ఇద్దరికీ వడ్డించింది. ఆయన కూర్చునే చోట ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు.