మల్లయ్య చూడనన్న మంచు

ఉత్తర జపాన్‌లోని హొక్కైడోలో మంచు కొండలు, నక్షత్రం ఆకారపు పాత కోట చూసి తిరిగి వస్తూ షార్జాలో రెండు రోజులు ఆగాను. ఇండస్ట్రియల్ ఏరియా చాయ్ కొట్టులో నా తెలుగు విని పలకరించిన మల్లయ్యది జగిత్యాల దగ్గరి పల్లె. ఎండలో పనిచేసే మనిషికి ప్రాణం లేచివస్తుందనుకుని ఫోన్‌లో మంచు ఫొటోలు చూపించాను.

ఒక్కటి చూసి మొహం తిప్పుకున్నాడు.

“కోల్డ్ స్టోరేజిల చేపల పెట్టెలు మోస్త సార్. ఏడేండ్లాయె. మంచంటెనే భయమైతది.”

కుడిచెయ్యి చాపాడు. రెండు వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“సూది గుచ్చినా తెల్వది. ముదీర్‌కు, గదే మా మేనేజర్‌కు చెప్తె, ‘ఖలాస్, ఇంటికి పో’ అన్నడు. పోతే ఎట్ల బతుకుడు?”

ఫోన్ జేబులో పెట్టేశాను. అతడే అడిగాడు.

“కావాల్నని గంత సలిలకు పోయిండ్రా సార్?”

ఎగతాళి కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు.