బ్యాటరీలు లేని బీపీ మిషన్

దెయ్యాలంటే నాకు నవ్వే తప్ప భయం లేదు. మలేషియాలోని కువాలా సెలంగోర్‌లో పామాయిల్ తోటల మధ్య పెరిగినదాన్ని, చీకటికి భయపడితే మాకు బతుకెక్కడిది? అయినా ఇది రాస్తున్నాను. ఎంత ఆలోచించినా బుర్రకెక్కడం లేదు.

మా అక్క నిరుడు పక్షవాతం వచ్చి పోయింది. పెద్దకర్మ అయ్యాక, పోయినవాళ్లు వాడిన వస్తువులు మావాళ్లు ఇంట్లో ఉంచరు. నేను మాత్రం ఆవిడ బీపీ మిషన్ తెచ్చేసుకున్నాను. బ్రహ్మాండంగా పనిచేస్తున్నదాన్ని పారెయ్యడం దేనికని. అప్పటికే నాకూ బీపీ వచ్చి కూర్చుంది.

మాత్రలు మొదలుపెట్టాక నిద్ర కరువైంది. రాత్రంతా ఫ్యాను వంక చూస్తూ పడుకోవడం, పొద్దున్నే స్కూల్ క్యాంటీన్‌లో మరిగే నూనె ముందు తూలడం. రెండు నెలలు భరించాను. ఓ రోజు చెయ్యి కాల్చుకున్నాక విసుగెత్తి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాను. కంటికి కనబడితే చూసుకోవాలనిపిస్తుందని మిషన్‌లోని బ్యాటరీలు తీసి గడియారానికీ, రిమోట్‌కీ వేసి, దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేశాను.

ఆ రాత్రి నుంచి ఒళ్లు తెలియని నిద్ర. కాకపోతే రోజూ లేచేసరికి ఎడమ మోచెయ్యి పైన ఎర్రటి పట్టీ గుర్తు ఉండేది. జాకెట్టు బిగుతేమో అనుకున్నాను. పడుకునేటప్పుడు నేను వేసుకునేది వదులు నైటీ అని తర్వాత గానీ తట్టలేదు.

పన్నెండో రోజు మా ఆయనకి తల తిరిగితే మిషన్ వెతికి తీసి, కొత్త బ్యాటరీలు వేశారు. మెమరీ బటన్ నొక్కి చూసి నన్ను పిలిచారు.

"ఏటే, రోజూ సూసుకుంటన్నావు! ఇంతింత ఉంటే నాకు సెప్పొద్దా లా?" అన్నారు, ఇక్కడి మలయ్‌వాళ్లలా చివర 'లా' తగిలించి.

నేను చివరగా చూసుకున్నది నూట నలభై. నోటు పుస్తకంలో రాసి ఉంది. దాని తర్వాత ఇంకో పదకొండు ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఆఖరిది నూట తొంభై ఎనిమిది. నేను మాత్ర వేసుకోకుండా పడుకున్నది పదకొండు రాత్రులు.

ఆ గంటలోనే నన్ను క్లినిక్‌కి తీసుకెళ్లారు. అక్కడి మిషన్‌లోనూ నూట తొంభై ఎనిమిదే. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మనిషి దక్కేది కాదంది డాక్టరమ్మ. మందు మార్చింది. ఇప్పుడు నాలుగు గంటలైనా నిద్ర పడుతోంది.

నిద్రలో నేనే చూసుకుని ఉంటానంటారు మా ఆయన. బ్యాటరీలు లేని మిషన్‌తో ఎలా?

ఆ అంకెలు చూసినప్పుడు నాకు భయం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. ఆ సిగ్గు దేనికో ఆయనకి చెప్పలేదు. పోవడానికి నెల ముందు అక్క కూడా మాత్రలు మానేసింది, నిద్ర కోసమే. నాకొక్కదానికే చెప్పింది.

"పిల్లలకి తెలిస్తే తిడతారే. నువ్వు సెప్పకు" అంది.

నేను చెప్పలేదు.