ఖాళీ చేయనన్న ఇల్లు

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాక వజ్రపుకొత్తూరు దగ్గరి ఊరు వదిలి, డయాలసిస్‌కు దగ్గరని పలాసలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాను. ఇంటావిడ మంచిదే. మా తోట నుంచి కొబ్బరిబొండాలు వస్తే ఆవిడకే ఇచ్చేదాన్ని. ఆ నీళ్లు మా ఆయన తాగకూడదని డాక్టర్లు చెప్పారు మరి.

రానురాను ఆయన కాళ్లు వాచి, గడప దాటాలన్నా నా భుజం పట్టుకోవలసి వచ్చింది. అప్పుడు ఇంటావిడ వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"ఇల్లు ఖాళీ సేసీయమ్మా. ఏటీ అనుకోకు. అద్దింట్లో జరగరానిది జరిగితే ఆ గదుల్లోకి మరెవులూ రారు."

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్న మనిషి వింటుండగా ఆ మాటేమిటి? మర్నాడే టెక్కలిలో ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. ఇల్లు ఇంటివాళ్లకే అవసరమైనా, మనం అద్దె కట్టకపోయినా, ఇల్లు పాడుచేసినా ఖాళీ చేయించవచ్చట. దానికైనా ముందు నోటీసు, గడువు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టుకు వెళ్లాలే తప్ప సామాను బయట పడేయకూడదు, కరెంటు తీసేయకూడదు. "చావు భయం చట్టంలో కారణం కాదమ్మా. ధైర్యంగా ఉండండి," అన్నాడాయన.

బస్సు దిగి, గెలిచినదానిలా నడిచాను. ఇంటావిడకు వినబడేలా అంతా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మా ఆయన మంచం మీద కూర్చుని లుంగీలు మడతపెడుతున్నాడు.

"ఏటి సేత్తన్నావు బావా?"

"ఊరెల్లిపోదామే. నాను పోయాక నువ్వు బతకాల. నీ పని ఇక్కడే గదా. ఈ గదుల్లో నాను పోతే, ఆవిడ మొకం నువ్వు రోజూ సూడగలవేటి?"

"సట్టం మనేపుంది."

"ఉంటే ఉందిలే. ఈ ఇల్లు మాత్రం వదలకు."

ఏడ్చాను, తిట్టాను. వినలేదు. గదులకు తాళం వేసి ఆయనతో వెళ్లాను. కొన్నాళ్లు ఊరి నుంచే ఆటోలో డయాలసిస్‌కు తీసుకొచ్చాను. ఆ కుదుపులకు అలసిపోయి, ఒకరోజు ఇక రానన్నాడు. మా ఇంటి అరుగు మీదే పోయాడు.

దినం అయ్యాక పలాస వచ్చాను. ఇంటావిడ నన్ను చూసి బావురుమంది. నా చేతిలోని తాళంచెవి తీసుకుని తనే తలుపు తీసింది.

ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. ఖాళీ చేయమని మళ్లీ ఎవరూ అనలేదు.